జర్మనీలో చదువుతూ వీకెండుకి పాత నగరాలు చూసి రావడం ఎట్లా: ఓరుగల్లు పిల్లల కోసం

జర్మనీకి మాస్టర్స్‌కి పోతున్న వాళ్లు, ముఖ్యంగా దక్షిణాన ఉన్న బవేరియా రాష్ట్రం వైపు సీటు వచ్చిన వాళ్లు, ఇది ఒకసారి చదివి పెట్టుకోండి. కుక్కర్ ఎన్ని లీటర్లది కొనాలి, పచ్చళ్లు ఎన్ని కిలోలు పట్టుకుపోవచ్చు అని హన్మకొండలో అందరూ అడుగుతారు గానీ, అక్కడ దొరికే శని, ఆదివారాలను ఏం చేసుకోవాలో ఎవరూ అడగరు. పోయిన కొద్దిరోజులకే ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపు పెడతారు, రెండు రోజుల్లో నాలుగు నగరాలని ప్లాన్ వేస్తారు, ఉరుకులు పరుగుల మీద తిరిగొస్తారు. ఫోన్ నిండా ఫొటోలుంటాయి, ఏ చర్చి ఏ ఊరిదో మాత్రం గుర్తుండదు. అంత దూరం పోయి, అన్ని పైసలు పెట్టి, అట్లా చూసి రావడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ఒక వీకెండుకి ఒకే నగరం పెట్టుకోండి, ఆ నగరాలు కూడా ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేట్టు వరుసగా ఎంచుకోండి. మొదటి ఊళ్లో చూసిందే రెండో ఊరిని అర్థం చేయిస్తుంది.

పోయే ముందు వరంగల్లో ఒకసారి

విమానం ఎక్కే ముందు చేయాల్సిన పని ఇది. మీ యూనివర్సిటీకే వస్తున్న వాళ్లు కరీంనగర్ నుంచో, జగిత్యాల నుంచో, మంచిర్యాల నుంచో ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. వాళ్లను పిలిచి రెండు రోజులు ఇక్కడే తిరగండి. మొదటి రోజు వేయిస్తంభాల గుడి, కోట. రెండో రోజు పొద్దున్నే బయల్దేరి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న రామప్ప. స్కూల్లో ఉన్నప్పుడు చూసే ఉంటారు, అయినా మళ్లీ చూడండి, ఈసారి తేదీలు తెలుసుకొని చూడండి. వేయిస్తంభాల గుడి దగ్గరున్న రుద్రదేవుడి శాసనం 1163 నాటిది. రామప్ప గుడి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించింది, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. రెండింటి మధ్య యాభై ఏళ్ల తేడా. రామప్పలో పైకప్పు అంచు కింద నల్లరాతి మదనికలను ఒక్కొక్కరినీ నిలబడి చూసుకుంటూ పోతే, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న ఆవిడ ఒకరు కనిపిస్తారు. ఆమెను వెతకడానికి పట్టే ఇరవై నిమిషాలు మీకు గుడి మొత్తాన్ని చూపిస్తాయి. రేపు ఏ దేశంలో ఏ కట్టడం ముందు నిలబడ్డా ఇదే పద్ధతి: ఒక్క వివరం పట్టుకొని దాని కోసం వెతకండి, మిగతాదంతా దారిలో కనబడుతుంది.

ఈ రెండు రోజుల్లో ఇంకో లాభం ఉంది. ఎవరు టైముకు వస్తారు, ఎవరికి పదకొండింటికే ఆకలవుతుంది, ఎవరు ఎండలో అరగంట కూడా నడవలేరు, ఆటో డబ్బులు ఇచ్చి మళ్లీ అడగలేక మొహమాటపడేది ఎవరు, ఇవన్నీ బయటపడతాయి. పరాయి దేశంలో చలిలో, రైలు తప్పిపోయిన టెన్షన్లో ఇవి బయటపడేకంటే కోట దగ్గర చాయ్ తాగుతున్నప్పుడే తెలియడం మంచిది.

ఏ నగరం ముందు, ఏది తర్వాత

నన్నడిగితే రేగెన్స్‌బర్గ్‌తో మొదలుపెట్టండి. డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న చిన్న నగరం, మ్యూనిక్ నుంచైనా న్యూరెంబర్గ్ నుంచైనా మామూలు రీజనల్ రైల్లో పొద్దున పోయి సాయంత్రం రావచ్చు, రాత్రి బస ఖర్చు ఉండదు. స్టేషన్ నుంచి పాత ఊరు పావుగంట నడక. రెండో ప్రపంచ యుద్ధంలో పాత ఊరు పెద్దగా దెబ్బతినలేదు, 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పెద్ద చర్చి దగ్గర్నుంచి నది వైపు నడిస్తే ఒక తెల్లటి గోడ కనిపిస్తుంది, ఆ సున్నం మధ్యలోంచి నల్లబడిన పెద్ద పెద్ద రాతి దిమ్మెలు, ఒక కమాను బయటకు తేలి ఉంటాయి. తెలియని వాళ్లు దాన్ని దాటుకొని పోతారు. అది రోమన్ సైనిక శిబిరానికి ఉత్తరం వైపు ద్వారం, పేరు పోర్టా ప్రిటోరియా. శిబిరం క్రీ.శ. 179 నాటిది, అంటే మన దగ్గర శాతవాహనుల కాలం. కోటిలింగాల వైపు నుంచి వచ్చిన వాళ్లుంటే ఆ గోడ ముందు మీ గ్రూపుకి చెప్పడానికి వాళ్ల దగ్గర కావాల్సినంత ముచ్చట ఉంటుంది.

అక్కడి నుంచి రాతి వంతెన మీదికి పోండి. 1135లో మొదలుపెట్టి 1146లో పూర్తి చేశారు. మన వేయిస్తంభాల గుడి శాసనం చెక్కే నాటికి ఆ వంతెన మీద జనం నడవబట్టి పదిహేడేళ్లయిందన్న మాట. వంతెన మధ్యలో నిలబడి కిందికి చూడండి, స్తంభాల మొదట్లో కట్టిన రాతి దిబ్బల మధ్య నీళ్లు ఇరుకై ఎట్లా సుడులు తిరుగుతున్నాయో కనిపిస్తుంది. నది బలానికి ఆగేట్టు అప్పటి మేస్త్రీలు వేసిన లెక్క అది. ఈ వంతెనను గుర్తుపెట్టుకోండి, ప్రాగ్‌లో మళ్లీ పనికొస్తుంది.

రెండోది న్యూరెంబర్గ్. పొద్దున పదకొండులోపు చేరుకునేట్టు రైలు చూసుకోండి, ఎందుకంటే సరిగ్గా పన్నెండింటికి మీరు హౌప్ట్‌మార్క్ట్ చౌరస్తాలో, ఫ్రావెన్‌కిర్హె చర్చి ముందు ఉండాలి. చర్చి గడియారం కింద సింహాసనం మీద చక్రవర్తి బొమ్మ ఉంటుంది, పన్నెండు కొట్టగానే చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురి బొమ్మలు బయటకొచ్చి ఆయన చుట్టూ మూడుసార్లు తిరుగుతాయి. ఆ చక్రవర్తి అప్పటి పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన నాలుగో కార్ల్, ఇంగ్లీషులో చార్లెస్. తన తర్వాత చక్రవర్తులను ఎన్నుకునే హక్కు ఎవరికుంటుందో 1356లో ఒక శాసనం ద్వారా తేల్చింది ఈయనే, ఆ ఏడుగురు వాళ్లే. మన కాకతీయ రాజ్యం 1323లో కూలిన ముప్పై మూడేళ్లకు జరిగిన ముచ్చట. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటారు, మీరూ తీసుకోండి. తీసుకున్నాక అక్కడే నిలబడి ఇంకో సంగతి మీలో ఎవరైనా ఒకరు అందరికీ చెప్పండి: ఆ చౌరస్తా ఉన్న చోట ఒకప్పుడు యూదుల వాడ ఉండేది, 1349లో ఆ జనాన్ని చంపి, వెళ్లగొట్టి, వాళ్ల ప్రార్థనా మందిరం ఉన్న స్థలంలోనే ఈ చర్చి కట్టారు, దానికి అనుమతి ఇచ్చింది ఇదే కార్ల్. అందమైన గడియారం, ఆ చంపుడు, రెండూ ఒకే చోటివి. ఒకటి తెలిసి ఇంకోటి తెలియకపోతే ఆ ఊరిని సగమే చూసినట్టు.

తర్వాత కోట ఎక్కండి. వరంగల్ కోటలో మట్టి కట్ట, రాతి గోడ, కందకం చూసి వచ్చిన వాళ్లకు ఇక్కడి ప్రహరీని, ఎండిపోయిన కందకాన్ని చూడగానే శత్రువు ఎటునుంచి వస్తాడనుకొని కట్టారో ఆలోచన వస్తుంది. ఒకటి తెలుసుకొని ఉండండి, 1945 జనవరి 2న పడిన బాంబులకు ఈ పాత ఊరు చాలామట్టుకు నేలమట్టమైంది, ఇప్పుడు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం మళ్లీ కట్టుకున్నదే. మధ్యాహ్నం నాజీ ర్యాలీలు జరిగిన మైదానమో, 1945 నవంబర్‌లో యుద్ధ నేరాల విచారణ మొదలైన 600 నంబరు కోర్టు గదో, రెండింట్లో ఒక్కటే పెట్టుకోండి. రెండూ మనసుకు బరువైనవి, రెండూ దూరం దూరంగా ఉంటాయి. ఏది చూసొచ్చినా వెంటనే షాపింగ్ అనకుండా కాసేపు నది ఒడ్డున కూర్చునే టైము కూడా ప్లాన్‌లో ఉంచండి.

మూడోది పక్కనున్న చెక్ దేశపు ప్రాగ్. ఇక్కడ ముడి పూర్తవుతుంది. అక్కడి చార్లెస్ వంతెనకు 1357లో పునాది వేయించింది న్యూరెంబర్గ్ గడియారంలో మీరు చూసిన అదే నాలుగో కార్ల్. దానికి ముందు అదే చోట జూడిత్ వంతెన అని ఒకటుండేది, రేగెన్స్‌బర్గ్ రాతి వంతెనను చూసి కట్టింది, 1342 వరదలో కొట్టుకుపోయింది. మూడు నెలల్లో మూడు నగరాలు ఈ వరుసలో చూసిన వాళ్లకు ప్రాగ్ వంతెన మీద నిలబడ్డప్పుడు ఎవరూ గైడ్‌గా ఉండక్కర్లేదు. వంతెన మీదికి పొద్దున ఏడులోపే పోండి, తొమ్మిది దాటితే జనంలో నడవడమే కష్టం. పాత ఊరి చౌరస్తాలో 1410 నాటి ఖగోళ గడియారం ఉంటుంది, గంట గంటకూ అక్కడ గుంపు చేరుతుంది, జేబులు జాగ్రత్త.

బాంబెర్గ్ కూడా మస్తు బాగుంటుంది, నది మధ్యలో కట్టిన పాత టౌన్‌హాల్ ఒక్కటి చూడడానికైనా పోవచ్చు, న్యూరెంబర్గ్ నుంచి గంటలోపు దారి. పరీక్షల ముందు అలిసిపోయిన వారంలో అట్లాంటి చిన్న ఊరు పెట్టుకోండి.

టికెట్ల సంగతి

డాయిచ్‌లాండ్ టికెట్ అంటే దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లలో, బస్సుల్లో తిరిగే నెల పాసు, 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ టికెట్ రూపంలో దీన్నే విద్యార్థులకు తక్కువకు ఇస్తారు, కాబట్టి విడిగా కొనే ముందు మీ యూనివర్సిటీలో కనుక్కోండి. విడిగా తీసుకుంటే అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా, వద్దనుకుంటే ఆ నెల 10వ తేదీలోపే రద్దు చేయాలి. ఇది ఆర్‌ఈ, ఆర్‌బీ అనే రీజనల్ రైళ్లు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు, సిటీ బస్సులు, ట్రామ్‌లలో చెల్లుతుంది. దూరం పోయే ఐసీఈ, ఐసీ, ఈసీ రైళ్లలో చెల్లదు. ప్లాట్‌ఫామ్ మీద ఏ రైలు ముందొస్తే అది ఎక్కేయకండి, చెల్లే టికెట్ లేకుండా దొరికితే మామూలుగా 60 యూరోల జరిమానా, ఆ పైసలతో ఇంకో ట్రిప్పు పోవచ్చు. టికెట్ మీ పేరు మీద ఉంటుంది, గుర్తింపు కార్డు దగ్గరుండాలి.

గ్రూపులో కొందరికి ఆ టికెట్ లేకపోతే బయెర్న్ టికెట్ చూడండి. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా బవేరియాలో తిరగొచ్చు, ఆస్ట్రియాలోని జాల్స్‌బర్గ్ దాకా కూడా చెల్లుతుంది. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే, మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి మొదలై, మర్నాడు తెల్లవారుజామున మూడింటి దాకా. అందరి పేర్లు టికెట్ మీద రాయాలి, రాయకపోతే చెకింగ్‌లో లొల్లి అవుతుంది. ఐదుగురు అనే సంఖ్య ఇంకోలా కూడా కలిసొస్తుంది: హోటల్లో ఒకే టేబుల్ దగ్గర సరిపోతారు, ఒకరు తప్పిపోతే వెంటనే తెలుస్తుంది. ఎనిమిది మంది దాటితే ప్రతి చౌరస్తాలో సగం టైము ఎదురుచూపులకే పోతుంది.

కొన్ని రీజనల్ రైళ్లు దారిలో ఒక స్టేషన్లో రెండుగా విడిపోతాయి, ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు ఇంకో ఊరికి. ఎక్కేముందు పెట్టె పక్కనున్న బోర్డు మీద మీ ఊరి పేరుందో లేదో చదవండి, అయిదుగురూ ఒకే పెట్టెలో ఎక్కండి.

ప్రాగ్‌కి జర్మన్ టికెట్ చెల్లేది సరిహద్దు దాకానే, కాబట్టి న్యూరెంబర్గ్ నుంచి నేరుగా పోయే బస్సు ముందే బుక్ చేసుకోవడం సులువు. దేశం దాటేటప్పుడు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఒరిజినల్స్ ఉండాలి. షెంగెన్ కదా, యూరప్ దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఉండవు అని ధీమాగా ఉండొద్దు, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, తిరిగొచ్చేటప్పుడు పోలీసులు బస్సెక్కి అడుగుతారు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే ఆ కార్డు కూడా పర్సులో పెట్టుకోండి, దాని వెనక వైపు యూరోపియన్ కార్డు ఉంటుంది, చెక్ దేశంలో అవసరమొస్తే అదే చూపిస్తారు. ఎక్కడైనా అత్యవసరం అయితే 112.

పైసలు, పనులు

వీసా కోసం ముందే పైసలు వేసి పెట్టే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకొచ్చేది 992 యూరోలు. అందులో అద్దె, బీమా, సరుకులు పోగా మిగిలేది ఎంతో మీకే తెలుస్తుంది, కాబట్టి నెలకు ఒక్క ట్రిప్పు అనుకోండి, అందులోనూ రాత్రి బస ఉండేది మూడింట్లో ఒకటి. గురువారం రాత్రికల్లా మూడు తేలిపోవాలి: ఎన్నింటి రైలు, ఎవరు వస్తున్నారు, ఒక్కొక్కరికి గరిష్ఠంగా ఎంత. ఆ 'ఎంత' అనేది ముందే బయటకు చెప్పుకోండి. గ్రూపులో ఒకరికి ఇంటి నుంచి ఇంకా పైసలు రాలేదు, పార్ట్‌టైమ్ పని దొరకలేదు, ఆ సంగతి చెప్పలేక వస్తానంటారు, అక్కడికి పోయాక అందరూ రెస్టారెంట్‌లో కూర్చుంటే తనకు ఆకలి లేదంటారు. అట్లాంటి పరిస్థితి ఎవరికీ రాకూడదు. లిమిట్ ఎప్పుడూ తక్కువున్న వాళ్లను బట్టే పెట్టండి.

లెక్కలు ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఒక్కరే రాయండి. ఒకరు టికెట్లు, రైలు టైములు చూసుకుంటే, ఇంకొకరు తిండి. ఒకరు మాత్రం ఆ ఊరి కథ చదువుకొని రావాలి, వారంలో ఒక గంట చాలు, ప్రతి ట్రిప్పుకీ ఈ పని మార్చుకోండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, జనం అసలు పట్టించుకోనిదీ ఇదే.

మ్యూజియం కౌంటర్ దగ్గర స్టూడెంట్ కార్డు చూపించి 'ఎర్‌మేసిష్ట్' (తగ్గింపు టికెట్) అని అడగండి, చాలాచోట్ల తగ్గిస్తారు. మ్యూనిక్‌లో ఆల్టె పినాకొటెక్ లాంటి రాష్ట్ర మ్యూజియంలకు ఆదివారం ఒక్క యూరోనే టికెట్. సోమవారం సెలవుండే మ్యూజియంలు ఎక్కువ, లాంగ్ వీకెండ్ ప్లాన్ చేసేవాళ్లు చూసుకోండి.

తిండి

ఆదివారం జర్మనీలో సూపర్‌మార్కెట్లు బంద్, పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రమే తెరిచి ఉంటాయి. శనివారమే కొనుక్కోండి. ఒక పూటకు పులిహోర చేసుకొని డబ్బాల్లో పట్టుకుపోవడం అన్నిటికంటే మంచిది, చల్లారినా బాగుంటుంది, రైల్లో వాసన రాదు. ఇంటి నుంచి వచ్చిన సకినాలు ఉంటే ఒక డబ్బా ట్రిప్పుకని పక్కన పెట్టండి. రెండో పూట బయట తినండి, ఆ ఊరి తిండి కూడా చూడాలి కదా. మెనూలో రిండ్ అంటే గొడ్డు మాంసం, ష్వైన్ అంటే పంది, హేన్షెన్ అంటే కోడి. ఏం తినమో మొహమాటం లేకుండా ముందే అడగండి, వాళ్లేమీ అనుకోరు. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా ఒకటి వెంట ఉంచుకోండి. కొన్న ప్లాస్టిక్ సీసా పారేయకండి, దుకాణంలో ఉండే మెషిన్లో వేస్తే 25 సెంట్ల చీటీ వస్తుంది, ఐదుగురివి కలిపితే స్టేషన్లో టాయిలెట్ ఖర్చు వెళ్లిపోతుంది.

నడిచే రోజు

డిసెంబర్‌లో అక్కడ నాలుగుంపావు, నాలుగున్నరకే చీకటి పడుతుంది. చలికాలంలో బయట చూసేవన్నీ రెండింటిలోపు, లోపల చూసేవి తర్వాత. ఎండాకాలంలో తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, అప్పుడు నిదానంగా బయల్దేరవచ్చు. మార్చి చివరి ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి జరుగుతుంది, ఆ రెండు వీకెండ్లలో ఫోన్ చూపించే టైమునే నమ్మండి, చేతి గడియారాన్ని కాదు.

పాత ఊళ్లలో నేలంతా గుండ్రాళ్లు పరిచి ఉంటుంది, కొత్త బూట్లతో పోతే మధ్యాహ్నానికే కాళ్లు బొబ్బలెక్కుతాయి. సిగ్నల్ పోయినా, చార్జింగ్ అయిపోయినా కలుసుకునేందుకు ఒక చోటు, ఒక టైము పొద్దున్నే అనుకోండి, ఊరి మధ్య చర్చి మెట్లు అయితే ఎవరికైనా దొరుకుతాయి. అందరూ అన్ని గంటలూ కలిసే ఉండాలని లేదు, మధ్యాహ్నం రెండు గంటలు ఎవరిష్టం వాళ్లది అని వదిలేస్తే సాయంత్రానికి ఎవరి మొహమూ మాడిపోదు. అయితే రాత్రి పూట ఒంటరిగా ఎవరినీ వదలొద్దు, హాస్టల్ నుంచి స్టేషన్‌కి పోయేటప్పుడు కూడా. హాస్టల్లో రాత్రి పది తర్వాత గొంతు తగ్గించండి, లాకర్‌కి తాళం మనదే పట్టుకుపోవాలి.

ఇంట్లో వాళ్లకు ఎక్కడికి పోతున్నారో శుక్రవారమే చెప్పండి. ఇండియా టైము జర్మనీ కంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, ఎండాకాలంలో మూడున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి జర్మనీలో సాయంత్రం ఆరులోపు ఒకసారి మాట్లాడేస్తే అమ్మ నిశ్చింతగా పడుకుంటుంది.

తిరుగు ప్రయాణానికి ఆఖరి రైలు ఎప్పుడూ పెట్టుకోకండి. ఆదివారం రాత్రి ఒక రైలు లేటైతే కనెక్షన్ పోతుంది, దాని తర్వాత ఇంకొకటి ఉండేట్టు చూసుకోండి. రైలెక్కి కూర్చున్నాక స్ప్లిట్‌వైజ్ తెరిచి లెక్కలు అప్పుడే తేల్చేయండి, ఎవరికి ఎంతో దిగేలోపే పంపించేయాలి. వచ్చే నెల ఏ ఊరో, దాని కథ చదవాల్సింది ఎవరో కూడా ఆ రైల్లోనే అనుకోండి. దిగి ఇళ్లకు పోయాక ఐదుగురినీ మళ్లీ ఒక్కచోట కూర్చోబెట్టడం కష్టం, సోమవారం పొద్దున ఎనిమిదింటికి క్లాసులుంటాయి.